బోటు టికెట్టు ఎవరి పూచీ?

పాపికొండలకు పోయే బోటు టికెట్టు ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోనులోనే కొనుక్కోవచ్చు. కొన్నాక ఆ టికెట్టు చెల్లుతుందా, బోటు కదలకపోతే డబ్బు ఏమవుతుంది, ఎక్కాల్సిన రేవు ఎక్కడ అన్న ప్రశ్నలకు మాత్రం ఆ ఫోనులో జవాబు దొరకదు. హనుమకొండలో హైస్కూలు టీచరుగా ఉన్న ఒకావిడా, రాజమండ్రిలో రెండు బోట్లు నడిపే ఒకాయనా ఈ విషయం మీద నా ఎదుట చాలాసేపు వాదించుకున్నారు. ఆవిడకు ఇబ్బంది ఎదురైంది ఈయన దగ్గర కాదు, మరోచోట. అందుకే ఇద్దరూ మొహమాటం లేకుండా మాట్లాడగలిగారు. ఆ మాటల్ని కొంత కుదించి ఇక్కడ పెడుతున్నాను. నా మొగ్గు టీచరుగారి వైపే. అయినా ఓనరుగారు చెప్పినవాటిలో బయటివాళ్లకు తెలియని సంగతులు చాలా ఉన్నాయి, వాటిలో ఒక్కటీ తగ్గించలేదు.

టీచరు: ముందు జరిగింది చెప్తాను, వినండి. మా బడివాళ్లం, ఇంటివాళ్లం కలిసి పోదామనుకున్నాం. కార్తీకమాసం, ఆదివారం. సైట్లో సీట్లు ఉన్నాయని చూపించింది. నా పేరు కొట్టాను, ఫోను నంబరు కొట్టాను, ఎంతమందిమో కొట్టాను, డబ్బు కట్టాను. మర్నాడు ఫోను. "మేడమ్, ఆదివారం ఫుల్లయిపోయింది, మంగళవారం రండి" అన్నారు. మంగళవారం మా పిల్లలకు పాఠాలు ఎవరు చెప్తారు? లేని సీటును ఉందని ఎట్లా చూపించారు? చూపించినా, డబ్బు ఎట్లా తీసుకున్నారు?

ఓనరు: మోసం అనుకుంటారు గానండి, చాలాచోట్ల జరిగేది మోసం కాదు. బోటులో సీట్లన్నీ ఒకేచోట అమ్ముడుపోవండి. హైదరాబాదు ట్రావెల్స్ వాళ్లకు కొన్ని, విజయవాడ వాళ్లకు కొన్ని, ఇక్కడి ఏజెంట్లకు కొన్ని ముందే వదిలేస్తాం. వాళ్ల దగ్గర ఎన్ని పోయాయో రాత్రి దాకా మాకే తెలీదు. వాళ్లు ఫోన్ చేసి చెప్తే మా కుర్రాడు పుస్తకంలో రాసుకుంటాడు. ఆ పుస్తకంలోది సైట్లోకి ఎక్కించాల్సిందీ ఆ కుర్రాడే. పొద్దున పూట అతను రేవులో జనాన్ని ఎక్కిస్తూ ఉంటాడు. ఈలోపు మీరు హనుమకొండలో నొక్కేస్తారు.

టీచరు: అయితే సైట్లో కనపడేది ఇప్పటి సీట్ల లెక్క కాదు, మీ కుర్రాడికి ఆఖరిసారి తీరిక దొరికినప్పటి లెక్క.

ఓనరు: అంతేనండి. ఉన్నమాట చెప్తున్నా.

టీచరు: ఆ ఉన్నమాటే సైట్లో రాయండి. "ఇది అడిగి పెట్టుకోవడం మాత్రమే, సీటు ఖాయం చేసి మేం ఫోన్ చేశాకే డబ్బు కట్టండి" అని. నాకు అభ్యంతరం లేదు, ఒకరోజు ఆగుతాను. సీటు సంగతి తెలియకుండా డబ్బు పుచ్చుకోవడమే నాకు మింగుడుపడనిది.

ఓనరు: అలా రాస్తే నా దగ్గర ఆగుతారనుకుంటున్నారా? పక్క సైటుకు పోతారు. అక్కడ "ఇప్పుడే ఖరారు" అని ఎర్రక్షరాలతో ఉంటుంది. పైగా "రెండే సీట్లు మిగిలాయి" అని ఒక గంట మోగుతూ ఉంటుంది.

టీచరు: ఆ రెండు సీట్ల మాట నిజం కాకపోతే అది నేరుగా నిబంధనలకు విరుద్ధం. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనేవాళ్లను తప్పుదోవ పట్టించే 13 రకాల పద్ధతుల్ని పేరుపేరునా చెప్పి, కూడదంది. లేని తొందర పుట్టించడం అందులో ఒకటి. మొదట తక్కువ ధర చూపించి చివరి పేజీలో ఒక్కొక్కటే కలుపుకుంటూ పోవడం ఇంకొకటి. అడగనిదాన్ని బిల్లులో చేర్చడం మరొకటి. నా టికెట్టులో ఈ చివరి రెండూ ఉన్నాయి. మొదటి పేజీలో ఒక రేటు. లోపలికి పోతే జీఎస్టీ. ఆ తర్వాత "సౌకర్య రుసుము". ఆఖర్లో రేవుదాకా బస్సు చార్జీ, అదీ నేను అడక్కుండానే టిక్కు పెట్టి ఉంది.

ఓనరు: బస్సు చార్జీ వేరేగా ఉండటంలో తప్పేముందండీ? సొంత కార్లలో వచ్చేవాళ్లు ఉంటారు కదా.

టీచరు: తప్పు వేరేగా ఉండటంలో లేదు. బస్సు ఎందుకు కావాలో చెప్పకపోవడంలో ఉంది. సైట్లో బయల్దేరే చోటు "రాజమండ్రి" అని ఉంది. రాజమండ్రిలో గోదావరి ఉంది, గట్టు ఉంది, ఘాట్లు ఉన్నాయి. బయటి ఊరివాళ్లం ఏమనుకుంటాం? పుష్కర ఘాట్ దగ్గరికి పోతే బోటు ఉంటుందనుకుంటాం. తీరా చూస్తే బోటు ఎక్కేది గండిపోచమ్మ గుడి దగ్గర. రోడ్డు మీద గంటకు పైనే ప్రయాణం. పొద్దున్నే ఏడింటికి ముసలివాళ్లను వెంటబెట్టుకుని ఘాట్ మెట్ల మీద నిలబడితే తెలుస్తుంది ఆ ఒక్కమాట విలువ.

ఓనరు: అది మాత్రం నేను ఒప్పుకుంటానండి. ఒకప్పుడు పట్టిసీమ, పురుషోత్తపట్నం వైపు నుంచి ఎక్కించేవాళ్లం. పోలవరం పనులు మొదలయ్యాక, కాఫర్ డ్యామ్ వచ్చాక, బోట్లు దానికి ఎగువకు పోవాల్సివచ్చింది. దేవీపట్నం వైపు ఊళ్లే ఖాళీ అయిపోయాయి, రేవులు మారక ఏమవుతాయి? సైట్లు మాత్రం పాతవాటినే పట్టుకుని కూర్చున్నాయి. భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకూ ఇదే తంటా. వాళ్లు బోటు ఎక్కాల్సింది పోచవరంలో. సైట్లో "భద్రాచలం" అని ఉంటే రాములవారి గుడి దగ్గర గోదావరి ఒడ్డుకు పోయి వెతుక్కుంటారు.

ఇక్కడ నాదొక మాట. బయల్దేరే చోటు, సమయం, రేవు దగ్గర నిలబడే మనిషి ఫోను నంబరు, ఈ మూడూ తెలుగులో పెద్ద అక్షరాలతో ఉంటే సగం గొడవ ఉండదు. ఈ బోట్లు ఎక్కేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఎన్నో సైట్లు మాత్రం ఇంగ్లీషులోనే మాట్లాడతాయి. షరతులు చదవాల్సిన పెద్దావిడ చదవలేక మనవడికి ఫోను ఇస్తుంది, మనవడు చదవకుండానే "ఒప్పుకున్నాను" అని నొక్కేస్తాడు. ఆ నొక్కుడునే తర్వాత ఆవిడకు చూపించి డబ్బు రాదంటారు. ఇది న్యాయం కాదు.

టీచరు: ఇప్పుడు అసలు చోటికి వద్దాం. అంతకుముందు ఏడాది మా చెల్లెలు బుక్ చేసింది. ముందురోజు రాత్రి మెసేజీ వచ్చింది, "వరద వల్ల రేపు బోటు లేదు" అని. మంచిదే, ప్రాణాలకన్నా యాత్ర ఎక్కువ కాదు. డబ్బు అడిగితే "రద్దు రుసుము పోను మిగతాది ఇస్తాం" అన్నారు. రద్దు చేసింది ఎవరు? మా చెల్లెలా?

ఓనరు: దీంట్లో ఉన్న మెలిక చెప్తాను, కొంచెం ఓపిగ్గా వినండి. నాకు సైటు చేసిచ్చినాయన అంతకుముందు హోటళ్లకు చేసేవాడు. ఆ గదుల సాఫ్ట్‌వేర్‌నే కాస్త మార్చి నాకు ఇచ్చాడు. గది అంటే ఏంటండీ? వచ్చినవాడు ఉంటాడు, రానివాడు రాడు, ముందుగా వద్దన్నవాడు రద్దు చేసుకుంటాడు. ఈ మూడే దారులు. గది దానంతటదే "ఈ రాత్రి నేను ఉండను" అనదు. బోటు అంటుంది. గోదావరి అనిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో "నది వల్ల ఆగింది" అని నొక్కడానికి చోటే లేదు. అప్పుడు మా కుర్రాడు ఏం చేస్తాడు? ఒక్కో టికెట్టూ తీసి "కస్టమర్ రద్దు" అని నొక్కుతాడు. నొక్కగానే అది దాని లెక్క ప్రకారం కోత కోసేస్తుంది.

టీచరు: అట్లా అయితే వరద వచ్చిన తప్పు ప్రయాణికుడి ఖాతాలో పడుతున్నది. కాగితం మీద చూస్తే మేమే రాలేదన్నట్టు ఉంటుంది.

ఓనరు: కాగితం మీద అలాగే ఉంటుందండి. చాలామంది బోటువాళ్లకు ఈ సంగతి తెలీదు కూడా. కోత ఎందుకు పడిందో వాళ్లకే అర్థంకాక, కస్టమర్‌తో గొడవ పడుతూ ఉంటారు.

టీచరు: తెలిశాక మార్పించవచ్చు కదా.

ఓనరు: మార్పించాలంటే చేసినాయన మళ్లీ డబ్బు అడుగుతాడు. అదొక్కటే కాదండి. మీరు కట్టిన డబ్బు మొత్తం నాకు రాదు. మధ్యలో పేమెంట్ గేట్‌వే వాడి వాటా పోతుంది. వెనక్కి ఇచ్చేటప్పుడు చాలామంది ఆ వాటా తిరిగివ్వరు. వేరే సైటు ద్వారా వచ్చిన టికెట్టయితే వాళ్ల కమీషనొకటి. ఒక్క ఆదివారం బోటు ఆగితే, అందరికీ రూపాయి తగ్గకుండా ఇచ్చేస్తే, ఎక్కని బోటుకు నేను చేతినుంచి ఎదురు పెట్టుకోవాలి. పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం భోజనం మేమే పెడతాం కదా, కూరగాయలు ముందురోజే కొనేసి ఉంటాం. వంటవాళ్ల కూలీ ఎటూ తప్పదు.

టీచరు: మీ నష్టం నిజమే. ఆ నష్టాన్ని చెప్పకుండా నా మీద వేయడం మాత్రం తప్పు. రేటులోనే ఆ రిస్కు కలుపుకోండి, టికెట్టుకు ఇంకొంచెం ఎక్కువ పెట్టండి. "నది ఆపితే మొత్తం వాపసు" అని రాయండి. ఆ కొంచెం నేను సంతోషంగా ఇస్తాను.

ఓనరు: మీరిస్తారు. అందరూ ఇవ్వరండి. రెండు సైట్లు పక్కపక్కన పెట్టుకుని, నూరు రూపాయలు తక్కువ ఎక్కడుంటే అక్కడ నొక్కుతారు. షరతులు ఎవరు చదువుతారు?

టీచరు: చదవరు. అందుకే షరతులే న్యాయంగా ఉండాలంటున్నాను.

ఓనరు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అన్న మాటలోనే ఈ వాదన మొత్తానికీ కీలకం ఉందని నాకనిపించింది.

ఓనరు: ఇంకో సంగతుందండి, బయట ఎవరూ ఆలోచించనిది. డబ్బు మొత్తం వాపసు అని రాసేశామనుకోండి. తెల్లారి నీళ్లు పెరిగాయి. పోవచ్చా, ఆగాలా అన్నది అంచుమీద ఉంది. చెయ్యి దాటిపోయే డబ్బు కళ్లముందు ఆడుతూ ఉంటే, ఏ ఓనరుకైనా "ఏం కాదులే, పోనీయ్" అనిపిస్తుంది. నేను పోనివ్వను. కానీ ఆ ఒత్తిడి ఉంటుంది. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు, రెండోది 48కి, మూడోది 53కి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక. ఆ అంకెలు ఊళ్లను ఖాళీ చేయించడానికండి. బోటు ఆగాల్సింది వాటికి చాలాముందే. కచ్చులూరులో బోటు మునిగిన రోజు నీళ్లు ఐదు లక్షల క్యూసెక్కుల చిల్లరే.

టీచరు: ఆ పేరు మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. 2019 సెప్టెంబరు 15, అదీ ఆదివారమే. రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. 77 మందిలో 26 మందే బయటపడ్డారు. మా వరంగల్ పక్కన కడిపికొండ నుంచి 14 మంది కలిసి వచ్చారు ఆ బోటు మీదికి. ఆ ఊరు మాకు ఎంత దూరమని? కాజీపేట దాటితే వస్తుంది. ఆ రోజు నుంచి మా వైపు పాపికొండలంటే ముందు ఆ ఊరే గుర్తొస్తుంది. మేం ఇంత పట్టుబట్టి అడిగేది అందుకే. డబ్బు పోయిందని మాత్రమే కాదు.

ఓనరు: మాకు మాత్రం గుర్తు లేదనుకుంటున్నారా? బోటును ధర్మాడి సత్యంగారి బృందం అక్టోబరు 22న పైకి తెచ్చేదాకా ఈ ఊళ్లో బోటువాళ్లెవరికీ నిద్రలేదు. తర్వాత అన్నీ ఆపేశారు. తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములన్నారు, తనిఖీలన్నారు. మంచిదే. నేను కాదన్లేదు.

టీచరు: మునిగిన రోజు బోటులో ఎంతమంది ఉన్నారో మీకెవరికైనా వెంటనే తెలిసిందా?

ఓనరు: తెలీలేదు. మొదట చెప్పిన లెక్క తర్వాత పెరుగుతూ పోయింది.

టీచరు: ఆ లెక్క తేలకపోవడం అంటే ఏమిటో చెప్పనా? ఇంటిదగ్గర ఒక తల్లి తన కొడుకు ఆ బోటెక్కాడో లేదో తెలియక కూర్చోవడం. ఇప్పుడు సైటు సంగతి చూడండి. నా దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు అది ఏం అడిగింది? నా ఒక్కదాని పేరు, నా నంబరు, "పెద్దలు ఎంతమంది, పిల్లలు ఎంతమంది" అనే రెండు గడులు. నాతో వచ్చేవాళ్ల పేర్లు అడగలేదు. వయసు అడగలేదు. ఆపద వస్తే ఇంట్లో ఎవరికి చెప్పాలో అడగలేదు. కార్డు నంబరు, ఓటీపీ మాత్రం ఒక్క అంకె తప్పినా ఒప్పుకోలేదు. నా డబ్బును గుర్తుపట్టడానికి పడిన శ్రమలో పదోవంతు నా మనుషుల్ని గుర్తుపట్టడానికి పడలేదు. సీట్ల లెక్క తప్పడం, రేటు పెరగడం, రేవు పేరు మారడం, ఇవన్నీ చిరాకులే, సర్దుకుంటాం. ఇది సర్దుకునేది కాదు.

ఓనరు: పేర్లు రేవులో రాసుకుంటామండి. ఆధార్ చూస్తాం.

టీచరు: రేవులో ఎప్పుడు? ఏడున్నరకు బోటు కదలాలి. అందరూ ఒకేసారి బస్సు దిగుతారు. లైఫ్ జాకెట్లు పంచాలి, టిఫిన్లు ఎక్కించాలి. ఆ గడబిడలో మీ కుర్రాడు రాసే పేర్లు ఎంత సరిగ్గా ఉంటాయి? ముందే పేర్లన్నీ అచ్చువేసి చేతిలో ఉంటే, అతను చేయాల్సింది ఒక్కొక్కరినీ చూసి టిక్కు పెట్టడమే. రాని మనిషికి గీత, కొత్త మనిషికి కింద ఒక వరుస. ఆ కాగితం ఒకటి బోటు మీద, ఒకటి ఒడ్డున.

ఓనరు: ఆ పేర్లు ముందే అడిగితే సగంమంది మధ్యలో వదిలేస్తారు. ఎనిమిదిమంది పేర్లు, వయసులు కొట్టేలోపు టైమ్ అయిపోయిందని సైటు బయటికి తోసేస్తుంది. మళ్లీ మొదటి నుంచీ కొట్టాలి. మీరే తిట్టుకుంటారు. పైగా మనుషులు మారుతూ ఉంటారు. బావగారు రానంటాడు, ఆయన బదులు తోడల్లుడు వస్తాడు. అప్పుడు "పేరు మార్చడం కుదరదు" అంటే ఒకటే గొడవ.

టీచరు: ముందు సీటు పట్టుకోనివ్వండి, డబ్బు కట్టనివ్వండి. పేర్లు తర్వాత తీరిగ్గా నింపుకోవడానికి ఒక లింకు పంపండి. పేర్లు నింపనివాళ్లకు బోర్డింగ్ పాసు ఇవ్వకండి. మారిస్తే ఎన్నిసార్లయినా మార్చుకోనివ్వండి, రుసుము తీసుకోకండి. ఇది కష్టమా?

ఓనరు: కష్టం కాదు. ఎవరూ అడగలేదు, అంతే.

టీచరు: ఇంకొకటి. బోటు రిజిస్ట్రేషన్ నంబరు టికెట్టు మీద ఉండాలి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమంలో మునిగింది అనుమతి లేని బోటు. ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. పాపం, వాళ్లకేం తెలుసు అది అనుమతి ఉన్నదో లేనిదో? 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో దేశీయ నౌకల చట్టం వచ్చింది. బోట్ల రిజిస్ట్రేషన్లు, సర్వే సర్టిఫికెట్లు, సిబ్బంది వివరాలు ఒక కేంద్ర డేటాబేస్‌లో ఉండాలంటుంది అది. రైలు టికెట్టు మీద రైలు నంబరు ఉంటుంది, బస్సు టికెట్టు మీద బస్సు నంబరు ఉంటుంది. బోటు టికెట్టు మీద మాత్రం పువ్వులు, కొండలు, సూర్యోదయం.

ఓనరు: అది కూడా పెట్టొచ్చు. నాకు దాపరికం లేదు. దొంగచాటు బోటువాళ్లకే కష్టం.

ఇక్కడ కాస్త ఆగి డబ్బు కోత పడి టికెట్టు రాని సంగతి చెప్పాలి. వాళ్లిద్దరూ దాని మీద పెద్దగా తగవు పడలేదు, కానీ చదివేవాళ్లకు పనికొస్తుంది. దీంట్లో రెండు రకాలున్నాయి. యూపీఐలో మన ఖాతా నుంచి డబ్బు పోయి, అమ్మినవాళ్లకు ఖరారు అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా అది దానంతటదే వెనక్కి రావాలి. ఆ తర్వాత ప్రతి రోజు ఆలస్యానికీ 100 రూపాయలు మనకు జమ కావాలి. 2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ఇది. దీనికి బోటువాళ్లతో గొడవ పడక్కర్లేదు, బ్యాంకును అడగాలి. రెండోది, డబ్బు బోటువాళ్లకు చేరింది గానీ సీటు లేదన్నారు. అప్పుడు బ్యాంకుది తప్పు కాదు, అమ్మినవాళ్లు జవాబు చెప్పాలి. వాళ్లు చెప్పకపోతే 1915కి ఫోను చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఈ రెంటినీ కలగాపులగం చేసుకుని చాలామంది బ్యాంకు చుట్టూ, ఏజెంటు చుట్టూ ఊరికే తిరుగుతున్నారు.

ఓనరు: మీరు చెప్పినవన్నీ విన్నాను. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, చెప్పండి. సీట్లన్నీ సైట్లో పెట్టేసి, ఒక్కటీ తప్పకుండా సరైన లెక్క చూపించామనుకోండి. ఏమవుతుందో తెలుసా? కార్తీకమాసం ఆదివారాలన్నీ హైదరాబాదు, బెంగళూరు వాళ్లకే పోతాయి. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు చూడట్లేదా? కోటా వదిలిన కాసేపటికే అయిపోతాయి. మంచి ఫోను, మంచి నెట్టు ఉన్నవాడికి దొరుకుతాయి. మా దగ్గరికి తణుకు పక్క పల్లెల నుంచి, తుని వైపు నుంచి ఆడవాళ్లు పదిహేను, ఇరవైమంది కలిసి వస్తారు. ఏడాదంతా చీటీ కట్టుకున్న డబ్బు. వాళ్లకు ఓటీపీ తెలీదు. ఊళ్లో ఒక మనిషి నాకు ఫోన్ చేస్తాడు, "ఏవండీ, మావోళ్లు ఇరవైమంది, పెట్టుకోండి" అంటాడు. పుస్తకంలో రాస్తాను. అది నా మాట. ఆ మాట మీద వాళ్లు వస్తారు. మీ సైటు బాగుపడితే వాళ్ల సీటు పోతుంది.

టీచరు: ఇది మీరు చెప్పినవాటిలో నాకు జవాబు తేలిగ్గా దొరకనిది.

ఓనరు: ఫోనులో ఇంకోటి కూడా ఉందండి. గొంతు వింటే మనిషి తెలుస్తాడు. "మా అమ్మకు మోకాళ్ల నొప్పులు" అంటారు. "అయితే పేరంటాలపల్లి దగ్గర దిగాక ఎక్కాలమ్మా, ఆవిణ్ణి బోటులోనే కూర్చోబెట్టండి" అని చెప్తాను. "నీళ్లు పెరుగుతున్నాయి, నేను మళ్లీ ఫోను చేసేదాకా ఊరు కదలకండి" అని చెప్తాను. ఏ సైటు చెప్తుంది ఈ మాట?

టీచరు: సైటు చెప్పాల్సిందే ఆ మాట. మీరు ఫోనులో ఇరవైమందికి చెప్పేది, సైట్లో కొన్న నాకెందుకు చెప్పరు? నేను ముందురోజు రాత్రి రైలెక్కి వస్తాను. "రేపు అనుమానం" అని సాయంత్రం ఒక్క మెసేజీ తెలుగులో వస్తే ఆగిపోతాను. మీ పుస్తకంలో ఉన్నవాళ్లకు మీ మాట ఉంది. సైట్లో కొన్నవాళ్లకు ఎవరి మాటా లేదు. అదే నా బాధ.

ఓనరు: మరి పల్లెటూరి వాళ్ల సంగతి?

టీచరు: సగం సీట్లు ఫోనుకు, పుస్తకానికి ఉంచుకోండి. బహిరంగంగా చెప్పి ఉంచుకోండి. "ఇన్ని సీట్లు ఆన్‌లైన్లో, ఇన్ని ఆఫీసులో" అని సైట్లో రాయండి. ఆ ఆన్‌లైన్ సగాన్ని మాత్రం ఏజెంట్లకు ఇవ్వకండి, పుస్తకంలో కలపకండి. అప్పుడు మీ కుర్రాడు రేవులో ఉన్నా ఆ లెక్క తప్పదు. రెండు చోట్ల అమ్మే సీటు ఒక్కటీ ఉండదు కాబట్టి.

ఓనరు: సగం ఎక్కువ. మంగళ, బుధవారాల్లో ఆ సగం ఖాళీగా పోతుంది.

టీచరు: వారం మధ్యలో ముందురోజు మధ్యాహ్నం దాకా ఉంచి, మిగిలినవి పుస్తకంలోకి తీసుకోండి. తీసుకున్నాక సైట్లో సున్నా పెట్టండి. ఒక్క మీట.

ఓనరు: మూడోవంతు.

టీచరు: మూడోవంతైనా సరే, చూపించిందే నిజం కావాలి.

ఓనరు: సరే. పేర్ల సంగతి కూడా ఒప్పుకుంటున్నాను. ఈ సీజన్లోనే మొదలుపెడతాను, సైటు చేసినాయన చేయకపోతే వాట్సాప్‌లో ఫారం పంపించి అయినా సరే.

టీచరు: పేర్లు మార్చుకోవడానికి ఎప్పటిదాకా?

ఓనరు: ముందురోజు సాయంత్రం ఆరింటిదాకా వాళ్లే మార్చుకోవచ్చు. తర్వాత రేవులో, నా ఎదుట, ఆధార్ చూసి పెన్నుతో దిద్దుతాం.

టీచరు: పెన్నుతో దిద్దినాక ఆ కాగితానికి ఫోటో తీసి ఒడ్డున ఉన్న మనిషికి పంపాలి, బోటు కదలకముందే. కొండల మధ్యకు పోయాక సిగ్నల్ ఉండదు.

ఓనరు: పంపిస్తాం. నది ఆపితే మొత్తం వాపసు అన్నది మాత్రం నేనింకా ఒప్పుకోలేదండి. వేరే తేదీ ఇస్తాను, కోత లేకుండా. డబ్బే కావాలంటే గేట్‌వే వాడి వాటా పోను ఇస్తాను.

టీచరు: ఆ వాటా ఎంతో ముందే టికెట్టు మీద రాస్తారా?

ఓనరు: రాస్తాను.

టీచరు: రాస్తే సగం దారి వచ్చినట్టే. మిగతా సగం నేను వదల్లేదు, ఓనరుగారూ. సంక్రాంతి సెలవులకు మళ్లీ అడుగుతాను.